మాట లెక్క, పని లెక్క: అనువాదం కొటేషన్లలో సాఫ్ట్‌వేర్‌కి కనబడనివి

"పన్నెండు వేల మాటలున్నాయి. తెలుగులోకి చేయాలి. ఎంతవుతుంది? ఎప్పటికిస్తారు?"

హైదరాబాద్‌లో అనువాదాల ఆఫీసు నడిపేవాళ్లకి అలవాటైన ఫోన్ ఇది. అడిగేది మాదాపూర్‌లోని ఐటీ కంపెనీ కావచ్చు, కొత్త మందుల మీద ప్రయోగాలు చేయించే సంస్థ కావచ్చు, పాతబస్తీ నుంచి దస్తావేజు పట్టుకొచ్చిన పెద్దాయన కావచ్చు. ఒకప్పుడు దీనికి జవాబు నోటిలెక్కే. పేజీకి ఇంత, ఇన్ని పేజీలు, పండగ ముందు అయితే ఇంకొంచెం. ఇప్పుడు ఫైలు తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో వేస్తే కాసేపట్లో పట్టిక వచ్చేస్తుంది, పైసలతో సహా. పైసల దాకా వచ్చింది కాబట్టి సరైన లెక్కే అయి ఉంటుందని అనిపిస్తుంది. ఆ పట్టిక లెక్కపెట్టేది మాటల్ని, ఆఫీసుకి ఖర్చయ్యేది గంటలు. ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించడమే అంచనా. తెలుగు దగ్గరకొచ్చేసరికి ఆ ఊహ తప్పడానికి ప్రత్యేకమైన కారణాలు కొన్ని ఉన్నాయి.

ముందు పనిముట్ల సంగతి. ఈ రంగంలో సాఫ్ట్‌వేర్‌లు రెండు రకాలు. ఒకటి అనువాదం చేసేవాళ్ల ముందుండేది: ట్రాడోస్, మెమోక్యూ, ఫ్రేజ్ లాంటివి, ఉచితంగా దొరికే ఒమేగాటీ. ఇవి పాత అనువాదాలను వాక్యాలవారీగా దాచిపెట్టి, కొత్త ఫైల్లో అలాంటి వాక్యం కనబడగానే పాతదాన్ని తెచ్చి ముందు పెడతాయి. ఆ దాచిన ఖజానాని అందరూ టీఎం అంటారు, అంటే ట్రాన్స్‌లేషన్ మెమరీ. రెండో రకం ప్రాజెక్ట్ మేనేజర్ ముందుండేది: ప్లూనెట్, ఎక్స్‌టీఆర్‌ఎఫ్, ప్రోటెమోస్ లాంటివి. ఏ క్లయింటుకి ఏ రేటు, ఏ అనువాదకుడికి ఎంత ఇవ్వాలి, ఎప్పటికి ఇవ్వాలి, బిల్లు ఎంత అనేవన్నీ వీటిలో ఉంటాయి. మొదటిది మాటల్ని విశ్లేషించి ఇస్తే రెండోది ఆ అంకెల్ని రేట్లతో గుణించి కొటేషన్ తయారుచేస్తుంది. ట్రాడోస్ కంపెనీ 1984లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పుట్టింది, 2005లో ఎస్‌డీఎల్ చేతికి, 2020లో ఆర్‌డబ్ల్యూఎస్ చేతికి వెళ్లింది. ఈ పుట్టుక సంగతికీ కొటేషన్‌కీ సంబంధం ఉంది. ఈ పనిముట్లూ, వీటితో పాటు వచ్చిన తగ్గింపు లెక్కలూ చాలావరకు యూరప్ భాషల మధ్య పనిలో రూపుదిద్దుకున్నవి. వాటినే హైదరాబాద్‌లో తెలుగు పనికి ఉన్నవున్నట్టు వాడేస్తున్నారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రేట్లు లెక్క కోసం అనుకున్నవే, మార్కెట్ రేట్లుగా తీసుకోవద్దు. ఒక వైద్య పరికరం మాన్యువల్ ఇంగ్లీషులో 12,000 మాటలుంది. పాత మోడల్ మాన్యువల్ ఇదే ఆఫీసు చేసింది కాబట్టి టీఎం ఉంది. విశ్లేషణలో ఇలా తేలిందనుకుందాం: ఫైల్లోనే మళ్లీ మళ్లీ వచ్చేవి 2,400 మాటలు, పాతదానితో నూటికి నూరు కలిసేవి 1,800, 85 నుంచి 99 శాతం కలిసేవి 1,500, 75 నుంచి 84 శాతం కలిసేవి 900, పూర్తిగా కొత్తవి 5,400. ఒక్కో వరసకీ ఒక్కో తగ్గింపు ఉంటుంది. తగ్గించాక పునరుక్తులకి ఇచ్చేది రేటులో 20 శాతం, నూరు శాతం మ్యాచ్‌కి 30, తర్వాతి రెండు వరసలకి 60, 80, కొత్తవాటికి పూర్తి రేటు అనుకుంటే, 12,000 మాటలు కాస్తా 8,040 మాటల పని అవుతుంది. దీన్నే వెయిటెడ్ వర్డ్స్ అంటారు. మాటకి రూపాయిన్నర చొప్పున అనువాదకుడికి 12,060 రూపాయలు.

రెండో మనిషి చదివి దిద్దడానికి మాటకి 40 పైసలనుకుంటే 4,800. ఇక్కడ 8,040 కాదు, మొత్తం 12,000 మాటలూ లెక్కలోకి రావాలి. దిద్దేవాళ్లు పాత వాక్యాలని వదిలేసి కొత్తవి మాత్రమే చదవలేరు. సాఫ్ట్‌వేర్‌లో రేట్ల పట్టిక పెట్టేటప్పుడు జరిగే మొదటి పొరపాటు ఇదే: అనువాదానికి పెట్టిన తగ్గింపుల్నే దిద్దుబాటుకీ తగిలించేస్తారు. రెండో మనిషి చేత దిద్దించడాన్ని ఐఎస్‌ఓ 17100 ప్రమాణం 2015 నుంచి తప్పనిసరి చేసింది. ఆ ప్రమాణం పాటిస్తామని క్లయింటుకి చెప్పి, డబ్బులు చాలక ఆ పని ఎగ్గొట్టడం ఇలాంటి చోటే మొదలవుతుంది. నలభై పేజీల డీటీపీకి, అంటే పేజీలు కూర్చడానికి, పేజీకి 100 చొప్పున 4,000. మొత్తం 20,860. ప్రాజెక్ట్ మేనేజర్ సమయానికి పదో వంతు కలిపితే 22,946. పట్టిక ముచ్చటగానే ఉంది. ఇక ఇందులో ఏ అంకె కింద నేల గట్టిగా లేదో చూడాలి.

అన్నిటికన్నా అనుమానించాల్సింది ఆ 8,040నే. మ్యాచ్ శాతం అనేది మూలభాషలోని వాక్యాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చెబుతుంది. ఆ మార్పుని తెలుగులో చేయడానికి ఎంత పని పడుతుందో చెప్పదు. "నమూనాను ప్రయోగశాలలో భద్రపరుస్తారు" అనేది పాత అనువాదం అనుకోండి. కొత్త ఇంగ్లీషు వాక్యంలో మొదటి భాగమంతా అలాగే ఉండి, చివర ఒక తోక కలిసింది. ఆ తోక తెలుగులో చివర కుదరదు. "2019 నిబంధనల ప్రకారం కమిటీ ఆమోదించిన ప్రయోగశాలలో నమూనాను భద్రపరుస్తారు" అని వాక్యం మధ్య విప్పి మళ్లీ కుట్టాలి. ఇంగ్లీషులో చివరికి వచ్చే 'ఒకవేళ', 'తప్ప', 'వరకు' లాంటి షరతులన్నీ తెలుగులో ముందుకి వస్తాయి, క్రియ మాత్రం ఆఖరికి పోతుంది. మాటల వరస మూలానికి దగ్గరగా ఉండే భాషలో తోక తగిలిస్తే సరిపోయే చోట తెలుగులో వాక్యం తిరగరాయాలి. పొడవాటి వాక్యాల్లో ఇలాంటి మార్పులు 75 నుంచి 84 శాతం వరసలో తరచుగా పడతాయి. చాలామంది అనువాదకులు పాతది చెరిపేసి కొత్తగా రాసుకోవడమే సుఖం అంటారు. అలాంటప్పుడు ఆ వరసకి తగ్గింపు అడగడంలో న్యాయం లేదు. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. 'వేసుకోవాలి' అన్నది 'వేసుకోకూడదు' అయితే మారేది క్రియ చివరే, అర నిమిషం పని. అయితే మందుల కాగితంలో ఆ అర నిమిషం ఏమరుపాటు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కాబట్టి ఎక్కువ శాతం మ్యాచ్‌లకి తగ్గింపు ఇవ్వొచ్చు గానీ, చదివే సమయానికి ఇవ్వకూడదు.

పునరుక్తుల కథ ఇంకోటి. ఒక యాప్‌లో 'ఓపెన్' అనే ఒక్క మాట నలభై చోట్ల వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ దాన్ని ఒక కొత్త మాట, ముప్పై తొమ్మిది పునరుక్తులుగా లెక్కిస్తుంది. తెలుగులో అది బటన్ మీద 'తెరవండి', దుకాణం వేళల దగ్గర 'తెరిచి ఉంది', ఫిర్యాదు స్థితి చూపే చోట 'ఇంకా పరిష్కారం కాలేదు'. చోటు తెలియకపోతే స్క్రీన్‌షాట్లు అడగాలి, వాళ్లు పంపేదాకా ఆగాలి. ఇలా ఈమెయిళ్లలో గడిచే సమయం ఏ వరసలోనూ పడదు. 'అంకుల్' అనే మాట వస్తే మామయ్యా, బాబాయా, పెదనాన్నా, పక్కింటాయనా అన్నది తేల్చడానికి కథంతా చదవాలి. మీరు, నువ్వుల తేడా కూడా అంతే. బ్యాంకు కోసం 'మీరు'తో చేసిన టీఎం పిల్లల చదువు యాప్‌కి నూరు శాతం మ్యాచ్ చూపిస్తుంది. తీరా చూస్తే ప్రతి వాక్యం క్రియ మార్చాలి.

ఇదంతా డబ్బుల్లో ఎలా కనబడుతుంది? రోజుకి 2,000 మాటలనే వాడుక లెక్కన 8,040 మాటలంటే నాలుగు రోజులు. అనువాదకుడికి రోజుకి దాదాపు 3,015 రూపాయలు. నిజంగా ఆరు రోజులు పడితే అదే 2,010కి దిగుతుంది. కొటేషన్‌లో ఒక్క అంకె మారదు, ఆఫీసు లాభమూ మారదు. తేడా మొత్తం ఇంట్లో కూర్చుని పనిచేసే ఫ్రీలాన్సర్ మీద పడుతుంది. ఆ మనిషి తర్వాతి పనికి "ఈ వారం కుదరదండీ" అంటారు. ఆఫీసుకి నష్టం అప్పుడు తెలుస్తుంది, అదీ ఎందుకో తెలియకుండా.

అసలు 'మాట' అంటే ఏమిటన్నదే తెలుగులో తేలని విషయం. "ఇంట్లోవాళ్లకి చెప్పకుండా వెళ్లిపోయాడు" అంటే మూడు మాటలు. ఇంగ్లీషులో చెబితే ఎనిమిదవుతాయి. విభక్తులు, క్రియల తోకలు మాటకే అతుక్కునే భాష కాబట్టి ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేసరికి మాటల సంఖ్య తగ్గుతుంది, తెలుగు నుంచి ఇంగ్లీషుకి పోతే పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ మామూలుగా మూలం మాటల్నే లెక్కేస్తుంది. ఇంగ్లీషు మాన్యువల్‌కి అది బాగానే ఉంటుంది. నాంపల్లి కోర్టు కోసం తెలుగు వాంగ్మూలాన్ని ఇంగ్లీషులోకి మార్చే పనికి అదే రేటు పెడితే, టైపు చేసిన మాటల్లో చాలావాటికి డబ్బు రానట్టే. ఒకే రేట్ల పట్టిక రెండు దిశలకీ వాడకూడదు. దిశని బట్టి రెండు ధరలు, లేదా ఎప్పుడూ ఇంగ్లీషు వైపు లెక్క అని ముందే రాసుకోవాలి.

మాటల మధ్య ఖాళీల సంగతీ చెప్పుకోవాలి. 'చేయాల్సి ఉంటుంది' అని ఒకరు రెండు మాటలుగా రాస్తే, 'చేయాల్సివుంటుంది' అని ఇంకొకరు ఒకటిగా రాస్తారు. 'అంతేకాకుండా' కొన్ని ఫైళ్లలో రెండు ముక్కలు. పోనీ అక్షరాల లెక్క పెడదామంటే అది మరీ దారుణం. కంటికి ఒక్క అక్షరంగా కనబడే 'స్త్రీ' యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. కొన్ని ఆసియా భాషలకి పనికొచ్చే అక్షరాల పద్ధతి ఇక్కడ ఎవరికీ అర్థం కాని అంకె ఇస్తుంది. వర్ణక్రమం నిలకడగా లేకపోవడం కూడా ఖర్చే. 'వాళ్ళు', 'వాళ్లు' రెండూ సరైనవే గానీ సాఫ్ట్‌వేర్‌కి అవి వేర్వేరు మాటలు. మూలం తెలుగైతే మ్యాచ్ తగ్గుతుంది. అనువాదం తెలుగైతే పదకోశం తనిఖీలో కుప్పలు కుప్పలుగా తప్పులు చూపిస్తుంది, వాటిలో చాలావరకు తప్పులే కావు. ఒక్కోటీ తెరిచి మూయడానికి పట్టే సమయం ఎవరి ఖాతాలో?

ఇక ఫైలు పరిస్థితి. కొటేషన్లు బాగా బోల్తా పడేది ఇక్కడే. తెలుగు పత్రికల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి నడిచింది 'అను' అనే పేరున్న ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్. ఆ ఫైలు తెలుగులా కనబడుతుంది గానీ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంట్ తీసేస్తే పిచ్చిగీతలే. ఆ ఫైలుని సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఏదో ఒక అంకె చూపిస్తుంది, ఆ అంకెని నమ్మడానికి లేదు. టీఎంలో దాచుకోవడానికీ పనికిరాదు. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక వత్తులూ ఖాళీలూ ఒకసారి సరిచూడాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఓసీఆర్, అంటే బొమ్మలోంచి అక్షరాల్ని గుర్తించే సాఫ్ట్‌వేర్, వాడాలి. శుభ్రమైన అచ్చు పేజీ మీద అది బాగానే పనిచేస్తుంది, ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటో మీద చేతులెత్తేస్తుంది. ఈ పనులన్నీ అనువాదం మొదలవకముందే అయిపోవాలి. అందుకే కొటేషన్‌లో వీటికి విడిగా ఒక వరస, గంటల్లో, ఉండి తీరాలి. డీటీపీ కూడా పేజీల లెక్కే కాదు. కింద వత్తులు, పైన గుడులు ఉండటంతో తెలుగు వరసకి ఇంగ్లీషు కన్నా ఎత్తు ఎక్కువ కావాలి. ఇంగ్లీషుకి కొలిచి పెట్టిన పెట్టెలో తెలుగు పట్టక బొమ్మలు జరపాల్సి వస్తుంది.

నిజాం కాలం దస్తావేజులు ఈ చర్చకి బయట. ఉర్దూలో, గొలుసు చేతిరాతలో, ఫార్సీ మాటలతో నిండిన రెవెన్యూ కాగితాన్ని మాటల లెక్కన కొలవబోవడం నవ్వులాట. చదవగలిగిన మనిషి చూసి చెప్పే ధరే ధర. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఏకమొత్తంగా ఎక్కించుకోవడం తప్ప చేసేదేమీ లేదు.

హైదరాబాద్‌కి బాగా సొంతమైన పని ఒకటుంది: మందుల ప్రయోగాల్లో పాల్గొనేవాళ్ల సమ్మతి పత్రాలు. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ప్రయోగంలో చేరే మనిషికి తనకి అర్థమయ్యే భాషలో వివరాలు చెప్పి సమ్మతి తీసుకోవాలి. దాంతో ఇంగ్లీషు పత్రం తెలుగులోకి, తరచుగా హిందీ, ఉర్దూల్లోకి కూడా వెళ్తుంది. ప్రయోగం చేయించే కంపెనీలు చాలావరకు అక్కడితో ఆగవు. తెలుగు పత్రాన్ని, మూలం చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించమంటారు. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి తేడాలకి సమాధానం రాయాలి, చివర ధ్రువపత్రం ఇవ్వాలి. అంచనాలో మొదటి అనువాదం, తిరుగు అనువాదం పడతాయి. పోల్చి సమాధానాలు రాసే పని జారిపోతుంది. నిజానికి తెలిసిన మనిషి కూర్చుని చేయాల్సింది అదే. 'సైడ్ ఎఫెక్ట్స్'ని 'దుష్ప్రభావాలు' అంటే తిరుగు అనువాదంలో ఇంకో ఇంగ్లీషు మాట వస్తుంది. ఎందుకొచ్చిందో విదేశంలో కూర్చున్న, తెలుగు రాని సమీక్షకుడికి వివరించాలి. ఒక్కో వివరణకి పావుగంట.

యంత్రానువాదం వచ్చాక ఇవన్నీ తీరిపోతాయని క్లయింట్లకి ఒక నమ్మకం. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో భారతీయ భాషల యంత్రానువాదం మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది, 2022లో కేంద్రం భారతీయ భాషల అనువాదం కోసం భాషిణి వేదికని తెచ్చింది, ఇప్పుడు పెద్ద ఏఐ మోడళ్లు కూడా చదవదగ్గ తెలుగు ఇస్తున్నాయి. పనిలో మార్పొచ్చింది, నిజమే. యంత్రం ఇచ్చినదాన్ని మనిషి దిద్దే పనికి ఐఎస్‌ఓ 18587 పేరుతో 2017లోనే ప్రమాణం ఉంది. ధర దగ్గర మాత్రం పేచీ అలాగే ఉంది. "మెషీన్ చేసేసింది కదా, సగం రేటుకి దిద్దండి" అంటారు. దిద్దడానికి ఎంత పడుతుందో దిద్దాకే తెలుస్తుంది. ఎన్ని అక్షరాలు మారాయో సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది, అది కూడా పనయ్యాకే. పైకి సాఫీగా చదివించే తెలుగులో అర్థం తలకిందులై ఉంటే, దాన్ని పట్టుకోవడానికి మూలంతో ప్రతి వాక్యం పోల్చాలి. మార్చింది ఒక్క మాటే, పట్టింది ఐదు నిమిషాలు. ఇలాంటి పనికి మంచి పద్ధతి ఒకటే: ఫైల్లో మూడు నాలుగు చోట్ల నుంచి ఓ 500 మాటలు తీసి, గడియారం పెట్టుకుని దిద్ది, ఆ గంటల మీద ధర చెప్పడం. ఆ అరపూట నమూనా పనికి డబ్బు రాకపోయినా ఫర్వాలేదు. తర్వాత పోయేదానితో చూస్తే తక్కువే.

ఇంత చేసి ఖర్చు 22,946 అని తేల్చుకున్నాక కూడా ఒక కూడికలో డబ్బు పోతుంది. ముప్పై శాతం లాభం కావాలి కదా అని 22,946కి ముప్పై శాతం కలిపితే 29,830 వస్తుంది. కానీ అమ్మకం ధరలో లాభం వాటా అప్పుడు 23 శాతమే. అమ్మకం మీద ముప్పై కావాలంటే 0.70తో భాగించాలి: 32,780. ఒక్క పని మీద తేడా 2,950 రూపాయలు. ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్లో ఈ రెండింటికీ వేర్వేరు గడులున్నా పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, మొదటిరోజు తప్పు గడి నింపితే ఏడాదంతా అదే నడుస్తుంది. దీని మీద జీఎస్టీ 18 శాతం విడిగా చూపాలి, అంటే 38,680 రూపాయలు. విదేశీ క్లయింటు అయి, సేవల ఎగుమతి కిందకి వస్తే, ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేసి పన్ను వేయకుండా బిల్లు ఇవ్వొచ్చు. అక్కడ చూసుకోవాల్సింది డాలరు మారకం, బ్యాంకు కోతలు. కొటేషన్ రోజు రేటు, రెండు నెలల తర్వాత డబ్బు పడేరోజు రేటు ఒకటి కావు.

ప్రభుత్వ టెండర్లలో ఇంకో తంతు. తక్కువ కోట్ చేసినవాళ్లకే పని అనే ఎల్1 పద్ధతిలో, మాటకి పావలా తేడాతో పని అటో ఇటో పోతుంది. అలాంటి చోట సాఫ్ట్‌వేర్ అంచనా ధర చెప్పడానికి కాదు, ఏ ధర కింద చేతులు కడుక్కోవాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

అన్నట్టు, నెలకి ఐదారు పనులు చేసే చిన్న ఆఫీసు యూరోల్లో చందా కట్టి ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడం దండగ. మాటల విశ్లేషణకి ఒమేగాటీ, ధరలకి ఎక్సెల్ చాలు. కొన్నా కొనకపోయినా ఉండాల్సింది ఒక్క వరస: ఆ పనికి నిజంగా పట్టిన గంటలు. పెద్ద సాఫ్ట్‌వేర్లలో దానికి చోటు ఉంటుంది, నింపేవాళ్లే తక్కువ. పనైపోయి బిల్లు పంపాక ఆ ఫైలు మళ్లీ తెరవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆరు నెలలు ఓపిగ్గా రాస్తే మాత్రం, తమ ఆఫీసులో 75 నుంచి 84 శాతం వరసకి నిజంగా ఎంత పడుతోందో, ఏ క్లయింటు పనికి ప్రశ్నోత్తరాలే రెండు గంటలు తింటున్నాయో అంకెల్లో కనబడుతుంది. అప్పుడు పైన చెప్పిన 80 శాతాన్ని 100 చేసుకోవాలో వద్దో వాదన అక్కర్లేదు.

ఆ వరస ముందుగా పనికొచ్చేది చిన్న పనులకి. మందుల ప్రయోగాల్ని పరిశీలించే ఎథిక్స్ కమిటీ ఏదో ఒక పేరా మార్చమంటుంది, సమ్మతి పత్రం రెండో వెర్షన్ వస్తుంది. విశ్లేషణలో 96 శాతం పాతదే, కొత్త మాటలు 110. పట్టిక ప్రకారం ఆ కొత్త మాటల అనువాదానికి పడేది రెండు వందల రూపాయల లోపే. ఫైలు తెరవాలి, మార్పులు వెతకాలి, తెలుగు, తిరుగు అనువాదం రెండింట్లోనూ సరిచేయాలి, పేజీలు సర్దాలి, కొత్త తేదీతో ధ్రువపత్రం ఇవ్వాలి. గతంలో ఇలాంటివాటికి ఒక్కోదానికి నాలుగు గంటలు పట్టిందని రాసి ఉంటే, కొటేషన్‌లో మినిమమ్ చార్జీ కింద ఆ నాలుగు గంటల ధర వేసి, పక్కనే ఎందుకో రెండు వాక్యాలు రాసి పంపొచ్చు.